బాసికం కట్టినంతసేపు

పొద్దున్నే కాఫీ కడుపులో పడకముందే, ముసలివాళ్ళ వైద్యంలో ప్రపంచంలో ఎవరెవరు కొత్తగా ఏం కనిపెట్టారో వినడం మొదట్లో నాకు పెద్ద శిక్షగా ఉండేది. నేను ఓడల మనిషిని. విశాఖ రేవులో పైలట్‌గా చేశాను. దూరంగా సముద్రంలో ఆగిన ఓడ మీదికి తాడు నిచ్చెనతో ఎక్కి, దాన్ని క్షేమంగా రేవులోకి తెచ్చి కట్టించడం నా పని. ఇప్పుడు ఆ పని ఓడలే చేసుకుంటున్నాయి. పైలట్లతో వాటికి పని లేదు. నాకు పని ఉన్నది మాత్రం కొండ మీద, వృద్ధుల వైద్య కేంద్రంలో. అక్కడ రోజూ జరిగే "పొద్దుటి చదువు"కి వెళ్ళి, డాక్టర్ల వెనక చివరి కుర్చీలో, చెవి మిషను సర్దుకుంటూ కూర్చుంటాను.

ఆ చదువు మొదలుపెట్టింది మా ఆవిడే, డాక్టర్ హైమవతి. దేశదేశాల నుంచి రోజూ వేలకొద్దీ పరిశోధనలు వచ్చిపడుతుంటాయి. వాటన్నిటినీ చదవడం మనిషి వల్ల కాదు. అందుకని కేంద్రంలో జల్లెడ అనే యంత్రం ఒకటి పెట్టారు. వచ్చినవన్నీ జల్లించి, ఆ వార్డులో ఉన్న రోగులకి సంబంధించినవి మాత్రం పైకి తేలుస్తుంది. తేలినవాటిని డాక్టర్లు గొంతెత్తి చదువుకుని, ఇడ్లీలు తింటూ పోట్లాడుకుని, ఎవరి మందు మార్చాలో, ఎవరిది మార్చకూడదో తేలుస్తారు. ఇప్పుడు ఆ చదువు నడిపేది హైమ దగ్గర పని నేర్చుకున్న డాక్టర్ రెహానా.

హైమకి మతిమరుపు జబ్బు వచ్చింది. బతుకంతా ఆ జబ్బు గురించే చదివిన మనిషికి ఆ జబ్బే వచ్చిందేమిటని అందరూ అయ్యో అన్నారు. నాకైతే ఒళ్ళు మండింది. దేవుడికి వేళాకోళం ఆడడానికి ఇంకెవరూ దొరకలేదా అనుకున్నాను. మాకు పిల్లల్లేరు. ఎవరైనా ఆ మాట ఎత్తితే హైమ వార్డు వైపు చెయ్యి చూపించి, "బోలెడంత మంది, అందరికీ పళ్ళు ఊడిపోయాయి" అనేది. అలాంటి మనిషి చివరికి నన్నే ఎవరో అనుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడు వచ్చింది బాసికం. దానికి అసలు పేరు పెద్దదేదో ఉంది. నుదుటి మీద ఒక బిళ్ళ, కణతల మీద రెండు బిళ్ళలు, తల వెనక ముడి. హైమకి మొదటిసారి కట్టినప్పుడు ఆయా పైడితల్లి బుగ్గన చెయ్యి పెట్టుకుని, "అమ్మగోరు బాసికం కట్టిన పెళ్ళికూతురునాగున్నారు" అంది. ఆ రోజు నుంచి వార్డులో డాక్టర్లకి కూడా అది బాసికమే.

కట్టాక కాసేపు ఏమీ జరగదు. బిళ్ళలు వెలిగి, తుమ్మెద తిరిగినట్టు సన్నటి రొద. తర్వాత హైమ పమిట సర్దుకుంటుంది. కళ్ళు గదంతా తిరిగి నా మీదికి వచ్చి ఆగుతాయి. "ఏంటండీ, ఈ చొక్కా ఇంకా పారెయ్యలేదా?" అంటుంది. అంతే, నా భార్య నాకు వచ్చేస్తుంది. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, సుమారుగా ఒక గంట. వానలో తెరపి ఇచ్చినట్టు ఉంటుందని మేం ఆ గంటని తెరపి అనేవాళ్ళం.

తెరపిలో పాత సంగతులన్నీ ఉంటాయి. చదివిన చదువు, చూసిన రోగులు, నేను పెళ్ళిచూపుల్లో రెండు కప్పుల కాఫీ తాగిన సంగతి, అన్నీ. కొత్తవే నిలవవు. కిందటిసారి ఏం మాట్లాడుకున్నామో ఈసారికి ఉండదు. అందుకని తనకి జబ్బు ఉందన్న మాట ప్రతిసారీ మళ్ళీ చెప్పాలి. ప్రతిసారీ హైమ ఆ మాట విని, కాసేపు కిటికీలోంచి సముద్రం వైపు చూసి, ఆ తర్వాత డాక్టరు గొంతుతో "సరే, ఎంతవరకు వచ్చింది?" అని అడిగేది. ఆ కాసేపు చూడలేక నేను ఊడని బూట్ల తాళ్ళు మళ్ళీ కట్టుకునేవాణ్ణి.

మిగిలిన సమయం మాది. ఎక్కువభాగం పోట్లాటలతోనే గడిచిపోయేది. వంట ఎవరు చేస్తున్నారు, అంత నూనె ఎందుకు, బీపీ మాత్ర వేసుకున్నారా, ఇవే మాటలు. ఇంత గొప్ప యంత్రం కనిపెట్టింది నా బీపీ మాత్ర గురించి అడగడానికా అని ఎవరికైనా నవ్వు రావచ్చు. నాకు మాత్రం అంతకంటే ఏమీ అక్కర్లేదు. మంగళవారం నుంచి శుక్రవారం దాకా నేను బతికింది ఆ తిట్ల కోసమే.

మిగతా రోజుల్లో ఇంట్లో ఉండే హైమ వేరే మనిషి. నన్ను "కండక్టర్ గారూ" అని పిలుస్తుంది. రోజూ తనని బీచి రోడ్డు మీద బస్సెక్కించి భీమిలి దాకా తిప్పి తెస్తాను. ఆ బస్సుకి డ్రైవరూ లేడు, కండక్టరూ లేడు. తనకి ఎవరో ఒకరు కావాలి కాబట్టి ఆ ఉద్యోగం నాకిచ్చింది. కిటికీ పక్క సీటులో కూర్చుని, చిన్నప్పటి చోడవరం వెళ్తున్నాననుకుంటూ, పాటలు కూనిరాగం తీస్తుంది. ఎవరినీ ఒక్క మాట అనదు. నాకు ఆ కండక్టర్ని చూస్తే కుళ్ళు. అతనితో తను నవ్వినంతగా నాతో ఎప్పుడు నవ్విందని.

ఒక సోమవారం పొద్దుటి చదువులో రెహానా తెర మీది వ్యాసం చదవబోతూ ఆగి, తల ఎత్తి నా కుర్చీ వైపు చూసింది.

"బాబాయ్ గారూ, ఇది బాసికం గురించి" అంది.

మంచి వార్త చెప్పబోయేవాళ్ళు ముందు మన మొహం చూడరు. నేను చెవి మిషను గట్టిగా నొక్కుకున్నాను.

సంగతి ఇది. తెరపిలో మెదడు వెలగడానికి కావలసిన బలం ఊరికే రావడం లేదు. పక్క భాగాల నుంచి లాక్కుంటోంది. నమలడం, మింగడం, నడవడం చూసుకునే భాగాల నుంచి. ఎక్కువకాలం బాసికం కట్టినవాళ్ళలో ముందు మింగడం పోతోంది, తర్వాత నడక. ఆ పైన మంచమే. సమయానికి ఆపినవాళ్ళలో ఆ భాగాలు మళ్ళీ కుదురుకుంటున్నాయి.

"ఎంతమంది మీద చూశారమ్మా?" అన్నాను. ఇన్నాళ్ళు చివరి కుర్చీలో కూర్చుని నేర్చుకున్న ప్రశ్న అది.

"చాలామంది మీదే చూశారండి."

"మనవాళ్ళు ఉన్నారా వాళ్ళలో?"

"ఉన్నారు. మేడమ్ గారి వయసువాళ్ళే ఎక్కువ."

"ఒక్కళ్ళు చెబితే నమ్మేస్తామా? ఇంకొకళ్ళు కూడా చెయ్యాలి కదా."

"ఇంకొకళ్ళు కూడా చేశారండి. అది కిందటి వారం వచ్చింది. అది తప్పయితే బాగుండునని నేనే పక్కన పెట్టాను" అంది రెహానా. 

నాకు వేరే రుజువులు అవసరం లేదు. అప్పటికి కొద్దిరోజులుగా హైమ మజ్జిగ తాగుతుంటే పొలమారుతోంది. పచ్చిమిరపకాయ ఘాటని నాకు నేనే చెప్పుకుంటున్నాను. మజ్జిగలో పచ్చిమిరపకాయ వెయ్యడం మానేసి కూడా అదే చెప్పుకున్నాను.

"అయితే ఆపేస్తారా?"

"నేనెవర్ని ఆపడానికి? మేడమ్ గారినే అడగాలి. ఆవిడ పెట్టిన పద్ధతి అది" అంది రెహానా.

ఆ పద్ధతి కథ వార్డులో అందరికీ తెలుసు. హైమ వయసులో ఉన్నప్పుడు ఎల్లాజీ అని ఒక జాలరి తాత వచ్చాడు. పుండు పట్టిన కాలు తీసేయాలని హైమ చెబితే, అన్నిటికీ తల ఊపాడు. కాలు తీసేశాక, "ఇంకోలాగ అవుతాదేటని నానడగాలనుకున్నాను. పెద్ద డాక్టరమ్మ సెప్తంటే కాదంతానేటి?" అన్నాడు. హైమ ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. తర్వాత వార్డులో రూలు పెట్టింది. కొత్తగా ఏది తెలిసినా, ఏ మందు మార్చాలన్నా, రోగికి అర్థమయ్యే తెలుగులో చెప్పాలి. విన్నది ఏమిటో రోగి తన మాటల్లో తిరిగి చెప్పాలి. అప్పుడు అడగాలి. ఇంకో రోజు మళ్ళీ మొదటి నుంచి చెప్పి, చెప్పించుకుని, మళ్ళీ అడగాలి. వరసగా రెండుసార్లు ఒకే జవాబు వస్తేనే ఆ జవాబు లెక్క. డాక్టర్లని చూసి రోగి బెదరకుండా, ఇంట్లోవాళ్ళు పక్కన కూర్చోవచ్చు.

ఎంతో మంచి పద్ధతి. హైమ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మెలిక పడింది. బాసికం వద్దా కావాలా అని అడగాలంటే ముందు బాసికం కట్టాలి.

మంగళవారం కట్టారు. రెహానా వివరంగా చెప్పింది. హైమ విన్నదంతా అప్పజెప్పింది, రెహానా చెప్పడం మరిచిపోయిన సంగతి కూడా కలిపి. తర్వాత నా వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"కొనసాగించండి" అంది.

"ఎందుకో చెప్తారా మేడమ్?"

"చెప్పక్కర్లేదు. ఏమండీ, భోజనం సరిగ్గా చేస్తున్నారా?" అని నా వైపు తిరిగింది.

ఆనందంతో నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ రోజు బస్సులో కండక్టర్ ఉద్యోగం ఎంత ఉత్సాహంగా చేశానంటే, ముందు సీట్లో ఎవరో కాలేజీ పిల్ల నిజంగానే నన్ను టికెట్ అడిగింది.

శుక్రవారం నేను వెళ్ళలేకపోయాను. కంటిలో శుక్లం ఆపరేషన్‌కి ఎప్పుడో రాయించుకున్న రోజు అది. వాయిదా వేస్తానంటే రెహానా ఒప్పుకోలేదు. సాయంత్రం కంటికి కట్టుతో ఇంట్లో పడుకుని ఉంటే, పైడితల్లితో హైమని పంపించి, వెనకే తనూ వచ్చింది.

"మేడమ్ ఇవాళ ఆపెయ్యమన్నారండి" అంది.

"ఆపెయ్యమందా? మొన్న కొనసాగించమంది కదా?"

"అవునండి. జవాబులు కలవలేదు. మళ్ళీ మొదటికొచ్చింది."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఆ పూటకి కంటి నొప్పి మీద వేసి ఊరుకున్నాను. కోపం తగ్గాక ఇంకో ఆలోచన వచ్చింది. జవాబులు కలవనంతకాలం అడుగుతూనే ఉండాలి. అడిగినప్పుడల్లా బాసికం కట్టాలి. కలవకపోతేనేం, హాయిగా ఇలాగే నడుస్తుంది కదా అనుకున్నాను. పక్క గదిలో హైమ నీళ్ళు తాగుతూ పొలమారి దగ్గుతుంటే వింటూ అనుకున్నాను.

మళ్ళీ వచ్చిన మంగళవారం నల్లద్దాలు పెట్టుకుని వెళ్ళి తన ఎదురుగా కూర్చున్నాను. చెప్పడం అయింది, చెప్పించుకోవడం అయింది. హైమ నా నల్లద్దాలు చూసింది. నా చొక్కా బొత్తాలు చూసింది. ఒకటి వదిలేసి ఒకటి పెట్టుకున్నట్టున్నాను, చెయ్యి చాపి సరిగ్గా పెట్టింది. పెడుతూనే రెహానాతో, "కొనసాగించండి" అంది.

ఈసారీ కారణం చెప్పలేదు. ఇంకొక్కసారి ఇదే మాట అంటే తేలిపోతుంది. శుక్రవారం నేను వెళ్ళి అదే కుర్చీలో కూర్చుంటే చాలు.

గది బయటికి వచ్చాక కూడా ఆ బొత్తాల సంగతే నా మనసులో తిరిగింది. ఆ చూపు నాకు తెలుసు. వార్డులో కొత్తగా చేరిన ముసలాయన్ని మొదటిరోజు హైమ అలాగే చూసేది, ఇతన్ని ఒంటరిగా ఇంటికి పంపొచ్చా లేదా అని. పైగా ఎదుటివాడు కారణం చెప్పకపోతే కుర్చీలోంచి లేవనివ్వని మనిషి, తను మాత్రం రెండుసార్లూ కారణం చెప్పలేదు.

రెహానాని వరండాలో ఆపాను. "నేను లేని రోజు ఆపెయ్యమంది కదమ్మా. ఆ రోజు కారణం చెప్పిందా?"



"చెప్పారండి. గంటసేపూ అదే మాట్లాడారు. ముందు వ్యాసం మొత్తం తెప్పించుకుని చదివారు. తర్వాత, 'ఈ గంట అయిపోయాక ఇక్కడ ఒకావిడ ఉంటుంది కదా రెహానా, ఆవిడ ఎలా ఉంటుంది?' అని అడిగారు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటారు, పాటలు పాడతారు, పనసపొట్టు కూరంటే ప్రాణం అని చెప్పాను. 'అయితే సుఖంగానే ఉందన్నమాట. మరి ఆవిడ తిండి, ఆవిడ నడక నేను లాక్కుంటే ఎలా? ఆవిడా మన పేషెంటే. తన మాట తను చెప్పుకోలేదు. ఆవిడ తరఫున చెప్పడానికి నేనొక్కదాన్నే ఉన్నాను. ఆపెయ్యండి' అన్నారు."

"నా గురించి ఏమైనా అందా?"

"అన్నారండి. 'ఆయన లేనప్పుడు అడిగావు, మంచిపని చేశావు' అన్నారు."

నల్లద్దాలు ఉండడం మంచిదైంది. వాటి వెనక కళ్ళు ఏం చేసినా ఎవరికీ కనబడదు.

"మరి నన్ను లోపలికి ఎందుకు రానిచ్చావు ఇవాళ?" అన్నాను, కాస్త గట్టిగానే.

"రావద్దనే హక్కు నాకు లేదు బాబాయ్ గారూ. ఇంట్లోవాళ్ళు కూర్చోవచ్చని రూలు పెట్టింది కూడా మేడమ్ గారే కదా. మీరు శుక్రవారం వచ్చి కూర్చున్నా నేను కాదనను. ఆవిడ ఏం చెబితే అది చేస్తాను."

"ఈలోగా జల్లెడలో ఇంకేదైనా తేలొచ్చు కదమ్మా. ఇదంతా తప్పని ఎవరైనా రాయొచ్చు."

"రాయొచ్చండి. నేనూ రోజూ లేవగానే దానికోసమే చూస్తున్నాను."

బుధవారం పొద్దుటి చదువుకి అందరికంటే ముందు వెళ్ళాను. పడిపోకుండా నిలబడడం గురించి ఒకటి తేలింది. ముసలివాళ్ళ నిద్ర గురించి ఒకటి. చెవిటితనం గురించి ఒకటి తేలితే అందరూ నా వైపు చూసి నవ్వారు. బాసికం గురించి ఏమీ లేదు. గురువారం కూడా లేదు. ప్రపంచంలో ఇంతమంది తెలివైనవాళ్ళు పగలూ రాత్రీ కష్టపడుతుంటే, నాకు కావలసిన ఒక్క ముక్క రాసేవాడు ఒక్కడు లేకపోయాడు.

గురువారం మధ్యాహ్నం పనసపొట్టు కూర చేశాను. ఆవపెట్టి చేసిన కూర హైమకి ఎంత ఇష్టమో చెప్పలేను. రెండు ముద్దలు కళ్ళు మూసుకుని తింది. మూడో ముద్ద గొంతులో అడ్డం పడింది. దగ్గు రాలేదు. మొహం ఎర్రబడింది, కళ్ళు పెద్దవయ్యాయి, చేత్తో గాలిలో వెతికి నా మణికట్టు పట్టుకుంది. నేను లేచి వీపు మీద చరిచాను. ముద్ద బయటపడింది. ఊపిరి అందాక కూడా తను నా చెయ్యి వదల్లేదు.

"కండక్టర్ గారూ, నాకేమైంది?" అంది.

"ఏం కాలేదమ్మా. పొలమారింది" అన్నాను.

"భయమేసింది" అంది.

నిజంగానే భయపడింది. ఇన్నాళ్ళూ నేను ఈవిడని, హైమ వచ్చేదాకా కూర్చోబెట్టి కాపాడాల్సిన మనిషిలాగే చూశాను. భయపడేది, ఆకలి వేసేది, నా చెయ్యి పట్టుకునేది ఈవిడే. కంచంలో ఇంకా కూర ఉంది. తినమంటే భయంతో తల అడ్డంగా ఊపి, మళ్ళీ ఆ కూర వైపే ఆశగా చూసింది. నాకు ఏడుపు ఆగలేదు. కండక్టర్ ఎందుకు ఏడుస్తున్నాడో తెలియక, తనే పమిట చెంగు నా చేతిలో పెట్టింది.

శుక్రవారం హైమని తీసుకెళ్ళి గదిలో కూర్చోబెట్టాను. పైడితల్లి బాసికం ముడి వేస్తుండగా గుమ్మం దగ్గరికి వచ్చేశాను.

"రెహానా, నేను బయట కూర్చుంటానమ్మా" అన్నాను.

రెహానా తలుపు దగ్గరగా వేసింది.

వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. లోపల తుమ్మెద రొద మొదలైంది. తర్వాత హైమ గొంతు. మాటలు తెలియడం లేదు, గొంతు మాత్రం తెలుస్తోంది. ప్రశ్నలు అడుగుతోంది, కాదంటోంది, ఒకసారి గట్టిగా నవ్వింది. ఏం విని నవ్విందో. గడియ కూడా లేని తలుపు అది, తోస్తే తెరుచుకుంటుంది. అరవయ్యో ఏట దాకా నడి సముద్రంలో ఓడలెక్కిన మనిషిని, ఆ తలుపు ముందు నుంచి లేవకుండా కూర్చోవడానికి కుర్చీ చేతులు రెండూ పట్టుకున్నాను.

పైడితల్లి టీ తెచ్చింది. "ఏటి బాబూ, లోపలికెల్లనేదేటి? అమ్మగోరు మాట్లాడతన్నారు కదేటి."

"వెళ్ళకూడదు పైడితల్లీ."

"ఎవులొద్దన్నారు?"

"ఎవరూ వద్దన్లేదు."

ఆవిడ నన్ను ఒకలా చూసి, "టీ సల్లారిపోద్ది, తాగీండి" అని వెళ్ళిపోయింది. ఆ టీ చల్లారిపోయింది. గంట అయ్యాక రెహానా బయటికి వచ్చి, "ఆపెయ్యమన్నారండి" అంది. నేను లోపలికి వెళ్ళేసరికి బాసికం విప్పేశారు. "కండక్టర్ గారూ, బస్సు వచ్చిందా?" అంది హైమ.

మంగళవారం మళ్ళీ వెళ్ళాలి. ఈ నాలుగు రోజుల్లో జల్లెడ ముందు ఎంత వేడుకున్నానో. ఆ యంత్రానికి చెవులు లేవు, ఉన్నా నా మాట వినేది కాదు. మంగళవారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని, బొత్తాలు అద్దంలో చూసి సరిగ్గా పెట్టుకున్నాను. లోపలికి వెళ్ళనివాడికి ఈ సింగారం ఎందుకో నాకే తెలియదు.

హైమని కూర్చోబెట్టి, వరండాలో అదే కుర్చీలో కూర్చున్నాను. రొద, గొంతు, ప్రశ్నలు. ఈసారి నవ్వు లేదు. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది.

"అయిపోయిందండి. అదే జవాబు" అంది రెహానా. కళ్ళు తుడుచుకుంటోంది. "'ఆయన బయట ఉన్నారు కదూ, పిలు' అన్నారు. ఇంకా కాస్త సమయం ఉంది. నేను రాను, వెళ్ళండి."

హైమ కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"కళ్ళద్దాలేంటి?"

"శుక్లం తీశారు."

"చుక్కలు వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నాను."

"పేరుకే సన్యాసిరావు. ఒక్క పూట నన్ను వదిలి ఉండలేని మనిషి, ఇంతసేపు బయట ఎలా కూర్చున్నారు?"

"కుర్చీ వేశారు" అన్నాను.

నవ్వింది. ఆ నవ్వు నేను విన్నాను, ఎదురుగా కూర్చుని విన్నాను. తర్వాత నా రెండు చేతులూ తన ఒళ్ళోకి తీసుకుంది.

"చెప్పండి. రెహానా నాకేం చెప్పింది, నేనేం చెప్పాను? మీ మాటల్లో చెప్పండి."

"ఇప్పుడు ఇదెందుకు హైమా. ఉన్న కాసేపు..."

"చెప్పి చెప్పించుకోకుండా నేనెవరినీ ఇంటికి పంపలేదు. చెప్పండి."

 "బాసికం కడితే నీకు మింగడం పోతుంది. నడక పోతుంది. కట్టకపోతే తింటావు, తిరుగుతావు. అందుకని ఇంక కట్టొద్దన్నావు."

"ఆ. తర్వాత?"

"తర్వాతేముంది. నువ్వు నన్ను వదిలేసి వెళ్ళిపోతావు."

"తప్పు. మళ్ళీ చెప్పండి."

"ఇంకేం చెప్పను హైమా?"

"సరిగ్గా చెప్పండి. అర్థం కాకుండా తల ఊపితే ఊరుకోను."

నేను తన చేతుల వైపు చూశాను. ముసలి చేతులు. గోళ్ళ చివర ఆవ పసుపు ఇంకా పోలేదు. ఆ కూర తిన్నది ఎవరు మరి?

"నువ్వెక్కడికీ పోవు. నాతోనే ఉంటావు. నేనెవరో నీకు తెలియదు, అంతే" అన్నాను.

"ఇప్పుడు సరిగ్గా చెప్పారు" అంది హైమ. మెల్లగా, వార్డులో ముసలివాళ్ళతో మాట్లాడే గొంతుతో అంది.

"నీ రూలు ప్రకారం రెండోసారి కూడా అడగాలి కదా" అన్నాను. అలా అంటే ఇంకోసారి వస్తుందని ఆశ.

"అడుగుతాను లెండి" అంది. నా చొక్కా బొత్తాలు చూసి, అన్నీ సరిగ్గానే ఉన్నాయని కాబోలు, చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఆవిడకి ముద్దలు చిన్నవి చేసి పెట్టండి" అంది. రొద తగ్గిపోయింది. కణత మీద బిళ్ళ ఆరిపోయింది. పైడితల్లి వచ్చి ముడి విప్పింది.

ఇది జరిగి చాలా నెలలైంది. మింగడం కుదుటపడింది. ఇప్పుడు మజ్జిగ గటగటా తాగేస్తుంది, నన్ను మించి నడుస్తుంది. నేను ఇంకా పొద్దుటి చదువుకి వెళ్తూనే ఉన్నాను. చివరి కుర్చీ నాదే. పక్క భాగాల జోలికి పోకుండా వెలిగించే దారి ఎవరో ఒకరు కనిపెడతారు. రేపు కాకపోతే ఎల్లుండి. జల్లెడలో వ్యాసం తేలినప్పుడల్లా రెహానా ముందు నా మొహం చూడకుండా చదవడం నేర్చుకుంది.

నిన్న బస్సులో భీమిలి వెళ్తున్నాం. కిటికీ పక్కన హైమ, కండక్టర్ని కాబట్టి పక్కన నిలబడి నేను. దూరంగా రేవులోకి ఓడ ఒకటి తనంతట తను వస్తోంది. తను కూనిరాగం ఆపి నా వైపు తిరిగింది.

"కండక్టర్ గారూ, రోజూ ఒక్కరే కనిపిస్తారు. మీ ఆవిడ ఏ ఊరెళ్ళారు?"

 తను జవాబు కోసం నా మొహంలోకే చూస్తోంది, సగం చెప్పి తప్పించుకుంటే ఊరుకునేలా లేదు.

"ఎక్కడికీ పోలేదమ్మా. నాతోనే ఉంది" అన్నాను.

సరే అన్నట్టు తల ఊపింది. తన పక్కన పెట్టుకున్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని, నన్ను కూర్చోమంది.